తిరిగి వచ్చినవారెందరు?

మన తెలుగు సంఘముల వార్షిక నివేదికలలో ఒక వాక్యము తప్పక కన్పట్టుచుండును. ఈ యేడు మహిళలకు ఉచిత వైద్యపరీక్షా శిబిరము జయప్రదముగా నడచినది, ఇంతమంది సోదరీమణులు పరీక్షింపబడిరి, ఫలానా దాతలు ఫలహారములు సమకూర్చిరి, అని. మంచిదే. దాతలను స్మరించుట మర్యాద. వచ్చిన స్త్రీలను లెక్కించుట ధర్మము. కాని ఆ నివేదికలలో ఎన్నడును అచ్చుకాని లెక్క యొకటి యున్నది. పరీక్షలో గర్భాశయ ముఖద్వారమున చెడుమార్పు పొందిన కణములు కనబడి, చికిత్స చేయించుకొనిన స్త్రీలలో, ఏడాది తిరుగునప్పటికి మరల పరీక్షకు వచ్చినవారెందరు? ఈ ప్రశ్నను కార్యవర్గము అడుగదు, వైద్యుడు అడుగడు, ఇంటివారు అడుగరు. అడుగవలసియున్నదని ఆ స్త్రీకి చెప్పినవారును లేరు. ఈ మౌనమును ఖండించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది.

విషయమును ఉన్నదున్నట్లు చెప్పుకొందము. గర్భాశయ ముఖద్వారమనగా మన ఇండ్లలో గర్భసంచి మూతి యని చెప్పుకొను భాగము. అచ్చటి క్యాన్సరు ఒక్క రాత్రిలో పుట్టునది కాదు. హెచ్.పి.వి. అను వైరసు అచట చేరి, సంవత్సరముల తరబడి తొలగక నిలిచినచో, కణములు క్రమముగా రూపు మార్చుకొనును. ఆ మార్పు క్యాన్సరుగా పరిణమించుటకు సాధారణముగా 15 మొదలు 20 ఏండ్లు పట్టును. శరీర రక్షణశక్తి సన్నగిల్లినవారిలో 5 మొదలు 10 ఏండ్లే చాలును. ఈ వైరసునకును ఈ క్యాన్సరునకును గల సంబంధమును కనుగొనినందులకే జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమానము లభించినది. 2022వ సంవత్సరపు అంచనా ప్రకారము మన దేశమున ఆ ఒక్క యేట సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా బయటపడినది. దాదాపు 80,000 మంది మరణించిరి. పదునైదేండ్ల గడువిచ్చి వచ్చు శత్రువుచేత ఏటేట ఇంతమంది కూలుచున్నారన్నచో, అది శత్రువు బలమనుట కన్న మన అలసత్వమనుట న్యాయము.

క్యాన్సరు కాకమునుపే ఆ కణములను పట్టుకొనుట సాధ్యము. కణములను గీచి తీసి సూక్ష్మదర్శినిలో చూచు పాప్ స్మియర్ పరీక్ష యున్నది. ఎసిటిక్ ఆమ్లమును పలుచగా కలిపి పూసి కంటితో చూచు పరీక్ష యున్నది. వైరసునే వెదకు హెచ్.పి.వి. పరీక్ష యున్నది. దోషము కనబడినచో, అతిశీతల వాయువుతో ఆ భాగమును గడ్డకట్టించి నశింపజేయుదురు. లేదా వేడిమితో కాల్చుదురు. లేదా విద్యుత్తు పారు సన్నని తీగ ఉంగరముతో కోసి తీయుదురు. ఈ కడపటి దానినే లీప్ అందురు. వీనిలో పెక్కు కొద్ది నిమిషముల పనులు. చికిత్స పొందినవారిలో అధికసంఖ్యాకులకు ఒక్కమారుతోనే నయమగును. కావున ఎవరును ఈ వ్యాసము చదివి బెదరనక్కరలేదు.

బెదరనక్కరలేదు; మరచుటకు మాత్రము వీలులేదు. 'తీసివేసినాము' అను మాటకును 'పోయినది' అను మాటకును నడుమ చాల దూరమున్నది. కోసిన అంచున కొన్ని చెడుకణములు మిగిలియుండవచ్చును. కంటికి కనబడని లోపలి భాగమున దాగియుండవచ్చును. కణములు పోయినను వైరసు నిలిచియుండవచ్చును. నూటికి 5 మొదలు 15 మందిలో దోషము మిగులుటయో మరల తలయెత్తుటయో జరుగుచున్నది. ఆ కొందరు ఎవరో చికిత్సనాడు వైద్యుడు చెప్పలేడు. చెప్పగలిగినది తరువాతి పరీక్ష యొక్కటే. ఆ పరీక్షకు రాని స్త్రీ, తాను క్షేమముగా నున్న తొంబదిమందిలోని దానినో, క్షేమము లేని పదిమందిలోని దానినో ఎరుగకయే కాలము గడుపుచున్నది.

ఇది ఊహాగానము కాదు. న్యూజీలాండ్ దేశపు ఆక్లండ్ నగరమున నేషనల్ విమెన్స్ హాస్పిటల్ అను స్త్రీల ఆసుపత్రి యుండెను. అచట 1966 నుండి హెర్బర్ట్ గ్రీన్ అను వైద్యుడు, ఇట్టి కణములు క్యాన్సరుగా మారవను తన నమ్మకమును నిరూపింపదలచి, కొందరు స్త్రీలకు పూర్తి చికిత్స చేయక కనిపెట్టి చూచుచుండెను. తమపై అట్టి పరిశోధన సాగుచున్నదని ఆ స్త్రీలకు తెలియదు. 1984లో ఆయన సహోద్యోగులే 948 మంది స్త్రీల చరిత్రలను లెక్కగట్టి ప్రకటించిరి. తొలి చికిత్స పిదప స్మియర్ పరీక్ష నిర్దోషముగా నున్న 817 మందిలో 12 మందికి, అనగా నూటికి ఒకటిన్నర వంతున, క్యాన్సరు వచ్చెను. పరీక్షలో దోషము కనబడుచునే యున్న 131 మందిలో 29 మందికి, అనగా నూటికి 22 వంతున, వచ్చెను. 1987లో ఇద్దరు రచయిత్రులు ఈ సంగతిని పత్రికకెక్కించిరి. న్యాయమూర్తి సిల్వియా కార్ట్‌రైట్ విచారణ జరిపి 1988లో నివేదిక నొసగిరి. ఆ స్త్రీలనే గూర్చి 2008లో ప్రకటితమైన మరియొక పరిశీలనలో, తీవ్రమైన కణదోషమునకు తగిన చికిత్స జరుగనివారిలో 30 ఏండ్లకు నూటికి సుమారు 31 మంది క్యాన్సరుపాలైరనియు, తగిన చికిత్స జరిగినవారిలో ఒక్కరికన్న తక్కువయే యనియు తేలినది.

ఆక్లండ్ స్త్రీల దౌర్భాగ్యమేమి? పరీక్ష జరిగినది, అది హెచ్చరించినది, వినవలసినవాడు వినలేదు. మన స్త్రీల దౌర్భాగ్యము వేరు. చికిత్స జరుగుచున్నది, హెచ్చరింపవలసిన పరీక్షయే జరుగుట లేదు. అచట ఒక వైద్యుని మొండితనముపై ఒక దేశము విచారణ జరిపినది. ఇచట వేలాది ఇండ్లలో అదే ఫలితము కలుగుచున్నను విచారించువారు లేరు. ఏలననగా, అపరాధి యెవడో వ్రేలు చూపుటకు వీలులేనంతగా అపరాధము అందరిలోను పంచబడియున్నది.

ప్రపంచమున వైద్యశాస్త్రము దీనినిగూర్చి యేమనుచున్నది? ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో వెలువరించిన మార్గదర్శకములలో, చికిత్స పొందిన స్త్రీకి 12 నెలలకు మరల పరీక్ష చేయవలయుననియు, అందుబాటులో నున్నచో హెచ్.పి.వి. పరీక్షయే మేలనియు, అందు దోషము లేదన్నచో మామూలు గడువుల ప్రకారము పరీక్షించుకొనవచ్చుననియు చెప్పినది. హెచ్.ఐ.వి. సోకిన స్త్రీలకు మరియొక 12 నెలల పిదప రెండవమారు చూడవలయుననినది. ఇంగ్లండులో ఆరు నెలలకే పరీక్ష. వైరసు లేదని తేలినచో మూడేండ్లకు మరల పిలుపు. అమెరికా నిపుణుల 2019 నాటి విధానము ఇంకను కఠినము: ఆరు నెలలకొకటి, పిదప మూడేండ్లపాటు ఏటేట, అటుపైన మూడేండ్లకొకమారు, కనీసము 25 ఏండ్లు. తీవ్రదోషమునకు చికిత్స పొందిన స్త్రీకి ఇతర స్త్రీలకన్న అపాయము అధికముగా ఇరువదియేండ్లకు పైగా నిలిచియుండుటయే ఇందులకు కారణము. ఒకరు ఆరు నెలలనిరి, ఒకరు పండ్రెండనిరి. 'ఇక రానక్కరలేదు' అని యెవరును అనలేదు. ఆ మాట మన ఊళ్లలోనే వినబడుచున్నది.

పరదేశములు ధనికములు, మనకు సాగదందురా? మనమున్న రాష్ట్రములనే చూడుడు. తమిళనాట దిండిగల్ జిల్లాలో, శిక్షణ పొందిన నర్సులు ఎసిటిక్ ఆమ్లపు పరీక్షను స్త్రీలకు ఒక్కమారు చేసి, దోషము కనబడినవారికి చికిత్స చేయించినంతనే, ఈ క్యాన్సరు మరణములు నూటికి 35 వంతులు తగ్గినవని 2007లో ప్రకటితమైనది. మహారాష్ట్రమున, షోలాపురము జిల్లా బార్శీలోని క్యాన్సరు ఆసుపత్రి ఆధారముగా, అప్పటి ఉస్మానాబాదు, నేటి ధారాశివ్ జిల్లా గ్రామములలో 1,31,746 మంది స్త్రీలపై సాగిన పరిశోధన ఫలితము 2009లో వెలువడినది. హెచ్.పి.వి. పరీక్ష జరిగిన వర్గమున 34 మంది ఈ వ్యాధిచే మరణింపగా, పరీక్ష జరుగని వర్గమున 64 మంది మరణించిరి. షోలాపురపు మన నేతవారి ఇండ్లకు బార్శీ ఎంత దూరము? ఆ పరిశోధకులు ఒక్కనాటి శిబిరము పెట్టి, గుడారము విప్పుకొని పోలేదు. ఏడెనిమిదేండ్లు ఆ స్త్రీల క్షేమసమాచారమును వెంబడించిరి. శిబిరమునకును సేవకును గల భేదమదియే.

ఇక మనవారి ఆక్షేపణలను వినుదము.

'నొప్పి లేదు, రక్తస్రావము లేదు, మరల ఎందులకు పోవలయును?' అందురు. నొప్పి పుట్టినపిమ్మట పోవుటకు ఈ పరీక్షతో పనిలేదు. ఈ కణదోషము మొదటినుండియు నొప్పి లేనిదే. మొదటిమారు దానిని పట్టియిచ్చినది పరీక్షయే గాని ఒంటి బాధ కాదు. అట్లుండగా రెండవమారు మాత్రము అది బాధపెట్టి చెప్పునని యెట్లు నమ్ముదురు?

'నలుగురిలో పరువుపోవును' అందురు. ఈ వైరసు దాంపత్యమువలన సోకునని చదివినవారు కొందరు, ఆ చదువును ఇంటి ఇల్లాలిని శంకించుటకు వాడుకొనుచున్నారు. ఇంతకన్న అన్యాయము లేదు. సంసారము చేయు స్త్రీపురుషులలో అధికసంఖ్యాకులకు జీవితమున ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకియే తీరును. పెక్కుమందిలో ఒకటి రెండేండ్లలో తనంతట తానే తొలగిపోవును. కొందరిలో చాలకాలము నిలుచును. ఎవరినుండి ఎప్పుడు వచ్చినదో చెప్పగల పరీక్ష లోకమున లేదు. శంకించు భర్త తన సంగతిని మొదట తాను తలచుకొనుట మంచిది. భార్యను పరీక్షకు తోడ్కొనిపోవు భర్తయే ఇంటి గౌరవమును నిలుపువాడు.

'గర్భసంచియే తీయించివేసినాము, ఇంకేమున్నది?' అందురు. ఇది మనవారిలో మిక్కిలి పెరిగిన అలవాటు. 2015-16 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొనినవారు దేశము మొత్తముమీద నూటికి సుమారు ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశమున నూటికి దాదాపు తొమ్మిదిమంది. సరిహద్దు దాటి వచ్చిన బంధుత్వములతోపాటు ఈ అలవాటును దాటి వచ్చుచున్నది. కణదోషమునకు మొదట చేయవలసినది గర్భసంచి తీయుట కాదు; పైన చెప్పిన చిన్న చికిత్సలు. ఒకవేళ తీవ్రదోషము కారణముగా తీసియున్నను, యోని పైభాగమున అట్టి కణములు మరల పుట్టవచ్చును గనుక, పరీక్షలు మానరాదు. తీసినది గర్భసంచిని గాని, పూర్వచరిత్రను కాదు.

'ఒకనాటి కూలి పోవును' అందురు. ఈ మాట మాత్రము నిజము. బీడీలు చుట్టు తల్లికి, మగ్గము ముందర కూర్చుండు చెల్లెలికి, ఒక దినము ఆసుపత్రి వరుసలో నిలుచుటన్నది ఆనాటి పొయ్యి ఆర్పుకొనుటయే. ఇట్టివారిని నిర్లక్ష్యపరులని నిందించువారికి సిగ్గుండవలయును. ఈ ఆక్షేపణకు సమాధానము చెప్పవలసినది ఆ స్త్రీ కాదు. దసరాకును ఉగాదికిని పందిళ్లు వేయు సంఘము. ఒక పందిరి ఖర్చుతో ఎందరి ఒకనాటి కూలి భర్తీ కాగలదో కోశాధికారిగారు లెక్కించి చెప్పుదురు గాక.

'నుదుట వ్రాసినది తప్పునా?' అను పెద్దలును కలరు. నుదుటివ్రాతను ఎవరు చదివిరి? ఆసుపత్రి చీటిని మాత్రము ఎవరైనను చదువవచ్చును. దానిపై వ్రాయవలసిన తేదీని వ్రాయకుండుట మనుష్యుల తప్పు.

ఇచ్చటనే మన ప్రత్యేక కష్టమొకటి వచ్చి చేరుచున్నది. కోలారులోని తల్లి కన్నడమును, హోసూరులోని తల్లి తమిళమును, బరంపురములోని తల్లి ఒడియాను, భివండిలోని తల్లి మరాఠీని అంగడిలో ధారాళముగా మాటలాడవచ్చును. చదువుట వేరు. తన దేహములోని గోప్యమైన భాగమును గూర్చి పరభాషలో వైద్యుని ప్రశ్నించుట మరియు వేరు. చీటి ఆ రాష్ట్రభాషలోనో ఇంగ్లీషులోనో యుండును. ఇంటికి తెచ్చి బియ్యపు డబ్బా క్రింద దాచును. దానిని చదువగల కుమారునికి చూపుటకు సిగ్గు. కుమార్తెకు చూపుటకు భయము. యానాములోవలె తెలుగే పాలనాభాషగా నున్నచోట ఈ చిక్కు లేదు, ఇతరచోట్ల గలదు. 1956లో కేంద్రప్రభుత్వము వెలువరించిన భాషా అల్పసంఖ్యాకుల రక్షణల పత్రమునందు, ఒక ప్రాంతపు జనాభాలో అల్పసంఖ్యాక భాషీయులు నూటికి 15 మొదలు 20 వంతులున్నచోట, ముఖ్యమైన ప్రకటనలను వారి భాషలోను ప్రచురించుట మేలని చెప్పబడినది. బోర్డులకును పాఠ్యపుస్తకములకును ఈ వాక్యమును ఉదహరించి మహజరులు పంపుచున్నాము. ఒక ప్రకటన ముఖ్యమైనదా కాదా యని తేల్చుటకు, చదువనిచో ప్రాణము పోవునా అనుటకన్న వేరు గీటురాయి యేది? అయినను ఆసుపత్రి చీటికై ఒక్క మహజరైనను పోలేదు. ఇంకొక సత్యమును దాచరాదు. మన పిల్లలలో పలువురికి తెలుగు మాట వచ్చును గాని లిపి రాదు. కావున తెలుగు చీటి యచ్చువేసి చేతులు దులుపుకొనుటయు చాలదు. ఏ లిపి ఆ ఇంట చదువబడునో ఆ లిపిలో చీటియు, తెలుగున నోటితో వివరించు మనిషియు, రెండును కావలయును.

ఆ చీటిలో ఏమేమి యుండవలయును? కనబడిన దోషమేది, అది ఏ తరగతిది. చేసిన చికిత్స యేది. కోసి తీసినచో, ఆ ముక్క అంచులు నిర్దోషములా కావా. తిరిగి రావలసిన తేదీ యేది, నాడు చేయు పరీక్ష యేది. ఈ అయిదు సంగతులు వ్రాసియీయని వైద్యుడు సగము వైద్యమే చేసినవాడు. ఆ చీటిని అడుగుట అమర్యాద కాదు; రోగి హక్కు.

అదే చీటిలో మొదటి వారముల జాగ్రత్తలును ఉండవలయును. చికిత్స పిదప కొన్ని వారములు నీరువంటి స్రావము పోవుట సహజము. సుమారు నాలుగు వారములు దాంపత్యమునకు దూరముగా నుండవలయును. బరువులు మోయుట తగ్గింపవలయును. ఈ రెండును భర్తకును అత్తకును తెలియవలసినవి. కోడలొక్కతె తెలిసికొని యేమి చేయగలదు? జ్వరము, కడుపున తీవ్రమైన నొప్పి, దుర్గంధముతో కూడిన స్రావము, నెలసరికన్న అధికముగా రక్తము పోవుట, వీనిలో ఏది కనబడినను గడువుతేదీకై చూడక వెంటనే ఆసుపత్రికి పోవలయును. లీప్ వంటి చికిత్స పొందినవారు పిదప గర్భవతులైనచో, ఆ సంగతిని ప్రసూతి వైద్యురాలికి మొదటి దర్శనముననే చెప్పవలయును. లోతుగా కోసినచో నెలలు నిండకమునుపే కాన్పు వచ్చు అవకాశము కొంత పెరుగును. పొగాకు నమలుటయు పొగత్రాగుటయు మానవలయును; పొగ వైరసునకు చెలికాడు.

2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఈ క్యాన్సరు పరీక్ష ఒక్కమారైనను చేయించుకొనినవారు దేశమున నూటికి ఇద్దరైనను లేరు. పేరుపొందిన తమిళనాటనే పదిమందికి లోపు. ఇంత కొద్దిమందిలో దోషము కనబడి, చికిత్స దాక చేరినవారు మరెంత కొద్దిమంది! అంత దూరము నడచివచ్చిన స్త్రీని కడపటి మెట్టుమీద విడిచిపెట్టుట క్షమింపరానిది. 2020లో ప్రపంచ ఆరోగ్యసంస్థ, 2030 నాటికి నూటికి 70 మంది స్త్రీలకు పరీక్ష, దోషము కనబడినవారిలో 90 మందికి చికిత్స యని లక్ష్యము పెట్టినది. చికిత్సతో లెక్క ముగించువారు ఆ లక్ష్యమును కాగితముపైననే సాధింతురు.

కావున సంఘ కార్యవర్గములకు ఈ కోరికలు. మొదటిది: తిరుగు పరీక్షకు ఏర్పాటు లేని శిబిరమును పెట్టకుడు. చికిత్స యెచ్చట, ఏడాది పిదప పరీక్ష యెచ్చట, దానికి వ్యయమెవరిది, అని ముందుగా తేల్చుకొననివారు గుడారము వేయరాదు. రెండవది: ప్రతి శాఖలోను ఇద్దరు ముగ్గురు నమ్మకస్తులైన స్త్రీలను తోడుగా పోవుటకు నియమింపుడు, వైద్యుని మాటను తెలుగున చెప్పుటకును, వరుసలో కూర్చుండుటకును వారుందురు. మూడవది: ఆనాటి కూలియు దారిఖర్చును సంఘమే భరింపవలయును. నాలుగవది, అన్నిటికన్న ముఖ్యమైనది: ఏ స్త్రీ పేరును సంఘ కార్యాలయపు పుస్తకములకు ఎక్కరాదు. మనది చిన్న సమాజము. ఒక వీధి మాట మరునాటికి పెండ్లిసంబంధము దాక పోవును. పేర్లు ఆసుపత్రిలోనే యుండవలయును. సంఘమునకు సంఖ్య చాలును.

ఆ సంఖ్యనే అడుగుచున్నాము. రాబోవు నివేదికలో పరీక్షింపబడినవారు ఇందరు, దోషము కనబడినవారు ఇందరు, చికిత్స పొందినవారు ఇందరు, అని వ్రాసిన పిదప నాలుగవ గడి యొకటి గీయుడు. ఏడాదికి తిరిగి వచ్చినవారెందరో అందు వ్రాయుడు. ఆ గడిలో సున్న పడినచో సున్నయే అచ్చువేయుడు. దానిని చదివి సిగ్గుపడినవారైనను మరుసటి యేడు నలుగురిని తోడ్కొనిపోవుదురు. మూడు గడులతో ముగియు నివేదికను మాత్రము సర్వసభ్య సమావేశమున ఏ సభ్యుడును, ఏ సభ్యురాలును ఆమోదింపకుందురు గాక.